ప్రశ్నలు మానేసిన పిల్ల

మేదిని ప్రశ్నలు మానేసినందుకు ఆ ఇంట్లో అందరికన్నా ఎక్కువ సంతోషించింది వాళ్ళమ్మ వకుళే. సంతోషించదూ మరి! పదేళ్ళ పిల్లకి నిద్ర లేచింది మొదలు నోరు మూత పడేది కాదు. సముద్రంలో ఉప్పు ఎవరు కలిపారు, చీమలకి మోకాళ్ళుంటాయా, అశోకుడు యుద్ధాలు మానేశాక ఆయన ఏనుగులు రోజంతా ఏం చేసేవి, చచ్చిపోయినవాళ్ళకి ఆదివారం తెలుస్తుందా, దేవుడికి దిష్టి ఎవరు తీస్తారు... ఒకదానికి జవాబు చెప్పేలోగా దాని తోక పట్టుకుని ఇంకోటి వచ్చేది. వాళ్ళ నాన్న గౌరీపతి విశాఖపట్నం పోర్టులో టగ్గు నడుపుతాడు. పెద్ద పెద్ద ఓడలకి తాడు కట్టి ఒడ్డుకి లాక్కొచ్చే చిన్న పడవ అది. “ఓడల్ని లాగడం సుళువే గానీ, దీని చేత మాట మానిపించడం నా వల్ల కాదు బాబూ” అని చేతులెత్తేసేవాడు.

వకుళ మెదడు మీద పనిచేసే శాస్త్రవేత్త. సముద్రానికి ఎదురుగా కొండ మీదున్న ఒక ప్రైవేటు పరిశోధనశాలలో ఆవిడా, డైరెక్టర్ తారకంగారూ కలిసి ఒక యంత్రం తయారుచేశారు. దానికి ‘ధార’ అని పేరు పెట్టుకున్నారు. మన అవధానమే దానికి మూలం.

అవధానం చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. వేదిక మీద అవధాని, చుట్టూ ప్రశ్నలడిగే పృచ్ఛకులు. ఒకరు పద్యంలో ఒక పాదమిచ్చి మిగతాది పూర్తి చెయ్యమంటారు. ఒకరు ఫలానా అక్షరం రాకూడదంటారు. ఒకరు మధ్యమధ్య గంట కొడుతుంటే ఎన్నిసార్లు కొట్టారో లెక్కపెట్టుకోవాలి. కాగితం ముట్టుకోకూడదు. చివర్లో పద్యాలన్నీ అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాలి. ఆ పట్టుని ధారణ అంటారు. ఇంతమంది మధ్యలో ఒకాయన మాత్రం, “అవధానిగారూ, ఇంతకీ ఇవాళ మీ ఇంట్లో ఏం కూర?” లాంటి సంబంధంలేని ప్రశ్నలతో గిల్లుతూ కూచుంటాడు. ఆయన్ని అప్రస్తుత ప్రసంగి అంటారు. సభ కడుపుబ్బ నవ్వేది ఆయన పుణ్యానే.

విశ్వపతి శర్మగారని పేరున్న అవధాని ఒకాయన ఉన్నారు. వకుళ ఆయన తలకి తీగలు తగిలించి, నిండు సభలో అవధానం చేయించి, ధారణ సమయంలో మెదడులో లేచే లయని పట్టుకుంది. ఆ లయనే ఒక టోపీ ద్వారా ఇంకొకరి మెదడులో పుట్టిస్తే, ఆ కాసేపూ చెవినపడ్డ ప్రతి మాటా రాతి మీద చెక్కినట్టు ఉండిపోతుంది. ఒక్కటే చిక్కు వచ్చింది. శర్మగారి లయ అక్కడక్కడ తెగిపోయేది. వెతికి చూస్తే, అవన్నీ అప్రస్తుత ప్రసంగి నోరు విప్పిన చోట్లే! అక్కడ శర్మగారి మెదడు ఎటో వెళ్ళి, కాస్త నవ్వుకుని, మళ్ళీ తిరిగొచ్చేది.

“ఈ చెత్త మనకెందుకమ్మా, తీసెయ్యి” అన్నారు తారకంగారు.

వకుళకీ అదే సబబనిపించింది. పేరే అప్రస్తుతమాయె! బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఆ ముక్కలన్నీ తనే కూచుని ఏరేసింది. మిగిలిన లయ ఎక్కడా తెగకుండా నున్నగా సాగింది. ఇద్దరూ ఆ సాయంత్రం మిఠాయి పంచుకున్నారు.

పెద్దవాళ్ళ మీద ధార అంతగా పనిచెయ్యలేదు. పిల్లల మెదడైతే లేతగా ఉంటుంది, పట్టుకుంటుందన్నారు. ముందు ఎవరి పిల్లకి పెట్టాలన్న మాట వచ్చినప్పుడు వకుళే ముందుకొచ్చింది. “వండినవాళ్ళు రుచి చూడకుండా ఊరికి వడ్డిస్తారా? నా పిల్లకే పెట్టండి” అంది. అందులో నిజాయితీ ఉంది, కాస్త గర్వమూ ఉంది. ఇంట్లో కాస్త ప్రశాంతంగా ఉంటుందన్న ఆశ కూడా ఉందేమో, అది మాత్రం ఆవిడ ఎవరితోనూ అనలేదు. గౌరీపతి ఒక రోజంతా ముభావంగా ఉండి, “నువ్వు చదువుకున్నదానివి. నాకేటి తెలుసు” అని ఒప్పుకున్నాడు. టగ్గు మరమ్మతుకని ఆ వేసవంతా కొచ్చి వెళ్ళిపోయాడు.

ఆ సెలవుల్లో మేదిని రోజూ పొద్దున్న ల్యాబులో టోపీ పెట్టుకుని కూచునేది. ఒక గొంతు చదువుతూ పోయేది. నక్షత్రాలు, లోహాలు, పక్షులు, రాజవంశాలు, మతాలు, తత్త్వవేత్తల వాదాలు, రోగాలు, నదులు. బళ్ళు తెరిచేనాటికి ఆ పిల్లకి తెలియనిదంటూ లేదు. పక్కింటి రిటైర్డ్ లెక్చరరుగారు సరదాకి శాతవాహనుల గురించి అడిగి, పిల్ల చెప్పిన జవాబుకి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తారకంగారు మరికొందరు పిల్లల్ని చేర్చుకున్నారు. వకుళ ఫోటో పేపర్లో పడింది.

ఇల్లు కూడా చల్లబడింది. పిల్ల ఏమీ అడగదు, విసిగించదు. వకుళ చాలా ఏళ్ళ తర్వాత వేడి కాఫీని వేడిగా తాగింది.

గౌరీపతి కొచ్చి నుంచి వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే, “ఏటి వకుళా, ఇల్లు ఇలాగుంది? పిల్ల ఇంట్లో లేదా?” అన్నాడు.

పిల్ల ఇంట్లోనే, సోఫాలోనే ఉంది. అతను సంచిలోంచి ఒక పెద్ద శంఖం తీసి దాని చేతిలో పెట్టాడు. ఎప్పుడైనా అయితే ఎక్కడ దొరికింది, లోపల పురుగుందా, కొరికిందా, అది ఇప్పుడు ఎక్కడుందని ఉక్కిరిబిక్కిరి చేసేది. ఇప్పుడు చేతిలో పట్టుకుని ఊరుకుంది.

“ఏటో చెప్పుకో” అన్నాడు నవ్వుతూ.

మేదిని చెప్పింది. అది ఏ జాతి నత్త కట్టుకున్న గూడో, ఏ సముద్రాల్లో ఉంటుందో, ఏం తింటుందో చెప్పింది. కుడివైపు తిరిగిన శంఖం ఎందుకంత అరుదో, దాన్ని విష్ణుమూర్తి చేతిలో ఎందుకు పెట్టారో, బౌద్ధులు ఎందుకు ఊదేవారో చెప్పింది. నోరు మూసుకుని అతని వైపు చూసింది.

“నాకోసమేనా నాన్నా, అని అడగవేటి?”

“అడగను” అంది. కోపంగా కాదు. అడిగినదానికి జవాబు, అంతే.

గౌరీపతి వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించి, “వకుళా, నా పిల్ల ఏటయింది?” అన్నాడు. ఆవిడ నవ్వేసి, పెద్దదవుతోంది కదండీ అంది.

తర్వాతి ఆదివారం వకుళ ఏదో రిపోర్టులో పడి భోజనాల సంగతి మరిచిపోయింది. గౌరీపతి డ్యూటీలో ఉన్నాడు. ఎండ వాలాక గది బయటికొస్తే, మేదిని ఖాళీ కంచం ముందు బాసింపట్టు వేసుకుని కూచునుంది. పెదాలు ఎండిపోయాయి.

“ఎప్పట్నుంచి కూచున్నావే?”

“మధ్యాహ్నం నుంచి.”

“ఆకలెయ్యలేదూ?”

“వేసింది. ఇప్పుడూ వేస్తోంది.”

“మరి నన్నడగవేం!”

“తెలియదు” అంది. ధార పెట్టాక ఆ నోట ఆ మాట రావడం అదే మొదలు. అడగందే అమ్మైనా పెట్టదని నవ్వుతూ అనుకునే సామెత అది. దానిలో ఇంత భయం ఉందని వకుళకి ఆ పూటే తెలిసింది. అన్నం కలిపి తనే ముద్దలు పెట్టింది.

మర్నాడు తారకంగారు ఆవిడ మాటని తేలిగ్గా తీసిపారేశారు. “తెలియనివాడికి కదమ్మా ప్రశ్న! అన్నీ తెలిసినవాడు ఏం అడుగుతాడు? పిల్లకి గాంభీర్యం వచ్చింది, సంతోషించు” అన్నారు. వకుళ మిగతా పిల్లల ఇళ్ళకి ఫోన్లు చేసింది. ఆ తల్లులందరూ మా పిల్ల ఎంత బుద్ధిమంతురాలైందో అని మురిసిపోతున్నారు. ఒక తల్లి మాత్రం, “చెప్పులో మేకు గుచ్చుకున్నా అలాగే నడిచొచ్చాడండీ మావాడు, ఎంత ఓర్పో” అంది. వకుళ ఫోను పెట్టేసి తిన్నగా శర్మగారి దగ్గరకి వెళ్ళింది.

శర్మగారు వీధరుగు మీద పడక్కుర్చీలో ఉన్నారు. ఆవిడ చెప్పిందంతా విని లేచి కూచున్నారు.

“అప్రస్తుతాన్ని తీసేశావా తల్లీ!” అన్నారు. “ఆయన నన్ను పడగొట్టడానికి కూచుంటాడని జనం అనుకుంటారు. కాదమ్మా. ధారణంటే నీళ్ళలోకి మునగడం. లోపల అంతా స్పష్టంగా ఉంటుంది, పైకి రావాలనే అనిపించదు. ఆయన కూరేమిటని అడిగినప్పుడు పైకొచ్చి ఒక్క గుక్క ఊపిరి పీల్చుకుంటాను. ఎటైనా పోయి రావడం మనసుకి ఊపిరి. ప్రశ్న పుట్టేది కూడా ఆ పోయి రావడంలోనే.”

“ఈ ముక్క అప్పుడే చెప్పకపోయారా!” అంది వకుళ.

“మీరు నన్ను పొగిడారు, నేను పొంగిపోయాను. ఏం తీసేస్తున్నారని నేనూ అడగలేదు” అన్నారాయన తల దించుకుని.

అంటే మేదిని మునిగే ఉంది. ముంచినది తనే. వకుళ దారి పొడుగునా ఆ ఒక్క మాటే అనుకుంటూ ఇంటికొచ్చింది.

అప్పటికే తారకంగారు పెద్ద సభ ఏర్పాటు చేసేశారు. మంత్రిగారొస్తారు, రాష్ట్రమంతా బళ్ళలో ధార పెట్టించే మాట అక్కడే తేలుతుంది. వేదిక మీద అవధానం పద్ధతిలో మేదినిని కూచోబెట్టి, చుట్టూ పండితులచేత ప్రశ్నలడిగిస్తారు. వకుళ వద్దని కాళ్ళావేళ్ళా పడింది. “ఈ ఒక్కటీ కానియ్యమ్మా. ఆ తర్వాత యంత్రం నీ చేతిలో పెడతాను, నువ్వు ఏరేసిన ముక్కలన్నీ మళ్ళీ అతుక్కుని పిల్లని బాగుచేసుకో. ఇప్పుడు అడ్డం పడ్డావా, ల్యాబు తలుపులు నీకు తెరుచుకోవు” అన్నారాయన. పిల్లని పైకి తీసే తాడు ఆయన గుప్పిట్లో ఉంది. వకుళ భయపడి ఒప్పుకుంది.

సభరోజు పొద్దున్న పిల్లని తయారుచేస్తూ ఆకలిగా ఉందా, దాహంగా ఉందా, చలిగా ఉందా అని అన్నీ అడిగింది. అన్నిటికీ సరిగ్గానే జవాబొచ్చింది. అప్పటికి కంచం సంగతే ఆవిడ భయం. ఇంకోటి అడగాలని తోచలేదు.

హాలు కిక్కిరిసింది. పండితులు వరుసగా తమ ప్రశ్నలు ముందే అడిగేశారు. ఎండకి, వానకి, ఋతుపవనానికి లంకె ఏమిటి? తాబేళ్ళు పుట్టిన తీరానికే గుడ్లు పెట్టడానికి ఎలా తిరిగొస్తాయి? శాతవాహనుల నాణేల మీద ఓడ బొమ్మ ఎందుకుంది? సత్యం ఒక్కటే అయితే జైనులు దానికి అన్ని ముఖాలున్నాయని ఎందుకన్నారు? ఆరిపోయిన దీపం ఎటు వెళ్ళింది? మేదిని అన్నీ విని, మొదటిదానితో మొదలుపెట్టి వరుసగా చెబుతోంది. అప్రస్తుత ప్రసంగికి అక్కడ కుర్చీ వెయ్యలేదు. జనం ఊపిరి బిగబట్టి వింటున్నారు.

ముందు వరుసలో గౌరీపతి ఉన్నట్టుండి వకుళ చెయ్యి పట్టుకున్నాడు. “పిల్లని చూడు. వంగిపోయి కూచుంది. ఆ చెమటేటి, ఇంత ఏసీలోన!”

వకుళ చూసింది. పిల్ల కుడికాలు కడుపులోకి ముడుచుకునుంది. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడిపోయింది. గొంతు మాత్రం నిలకడగా తాబేళ్ళ గురించి చెబుతోంది. ఆవిడ మెట్లెక్కి స్టేజి మీదికి పరిగెత్తింది. తారకంగారు అడ్డం రాబోతే తోసేసింది. మేదిని ముందు మోకాళ్ళ మీద కూలబడి, “తల్లీ, ఎక్కడ నొప్పి?” అంది.

మేదిని ఆవిడ ముఖంలోకి చూసింది. చూస్తూనే తాబేళ్ళ జవాబు పూర్తి చేసి, శాతవాహనుల నాణేల దగ్గరకి వెళ్ళింది.

వకుళకి అర్థమయ్యేసరికి పై ప్రాణాలు పైనే పోయాయి. అమ్మ ప్రశ్న కూడా వరుసలో చేరింది. అందరికన్నా చివర్లో.

“ఆపవే! ఇంక చాలు, ఆపు! ఎక్కడ నొప్పో చెప్పు!” అని భుజాలు పట్టి కుదిపింది. పిల్ల ఆపలేదు. ఆపడానికి దాని లోపల చోటే లేదు. ఆ చోటుని ఈ తల్లి చేతులే ఏరి పారేశాయి. మైకులో నాణేల మీది ఓడకి రెండు తెరచాపకొయ్యలున్న సంగతి హాలంతా వినిపిస్తోంది. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

గౌరీపతి ఎవర్నీ ఏమీ అడగలేదు. పిల్లని ఎత్తి భుజాన వేసుకుని మెట్లు దిగాడు. నాన్న భుజం మీద తల వాల్చి మేదిని చెబుతూనే ఉంది. కారెక్కాక జైనుల దగ్గరకి వచ్చింది. సిగ్నల్ దగ్గర ఆగితే, గుడ్డివాళ్ళు తడిమిన ఏనుగు గురించి చెప్పింది. వెనక సీట్లో పిల్ల తల ఒళ్ళో పెట్టుకుని వకుళ దాని నోరు మూయబోయి, మళ్ళీ చెయ్యి తీసేసింది. నోరు మూస్తే వరుస కదలదు. “తొందరగా చెప్పు తల్లీ, తొందరగా” అని ఏడుస్తూ బతిమాలింది. దీపం జవాబు మొదలైంది. చమురు అయిపోయాక మంట తూర్పుకి వెళ్ళిందా పడమరకి వెళ్ళిందా అని అడగడమే తప్పని, వెళ్ళడానికి అదొక వస్తువు కాదని, పిల్ల పళ్ళు టకటక కొట్టుకుంటుండగా చెప్పింది.

ఆసుపత్రి గేటు దగ్గర కారు ఆగింది. అప్పుడు మేదిని అంది: “కుడివైపు. బొడ్డుకి కింద. నిన్నటి నుంచి.”

అపెండిక్స్ పగిలిపోయింది. ఇంకొంచెం ఆలస్యమైతే పిల్ల దక్కేది కాదని డాక్టరు ఆపరేషను చేసి వచ్చాక చెప్పింది. “ఇంత నొప్పి పెద్దవాళ్ళే ఓర్చుకోలేరు, పిల్ల ఒక్కసారి కూడా చెప్పలేదా?” అని ఆవిడ ఆశ్చర్యపోతే, మొగుడూ పెళ్ళాలిద్దరూ దొంగల్లా నిలబడ్డారు.

ఆ రోజుతో ధార ఆగిపోయింది. తల్లిదండ్రులు పిల్లల్ని లాక్కెళ్ళిపోయారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు తారకంగారు యంత్రాన్ని వకుళకి అప్పగించారు. ఆవిడ తీసేసిన ముక్కలన్నీ తిరిగి అతికింది. శర్మగారు కబురంపగానే వచ్చి, తలకి తీగలు తగిలించుకుని, కొత్తగా అవధానం చేశారు. ఆ లయని మేదినికి పెట్టి చూశారు. ఒకసారి పెట్టారు, మళ్ళీ పెట్టారు. ఏ మార్పూ రాలేదు. పారేసిన చోటు తిరిగి రాలేదు.

ఇంక ఆ ఇంట్లో అడగడమే బతుకైపోయింది. ఆకలా, దాహమా, తల నొప్పా, కడుపు నొప్పా, చలా, బడిలో ఎవరైనా కొట్టారా, చెప్పులో ఏమైనా గుచ్చుకుందా. గౌరీపతి ఓడని లాగుతూ కూడా టగ్గు మీంచి ఫోన్ చేసి అడిగేవాడు. మేదిని అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పేది. వకుళని పీడించే భయం ఒక్కటే. అడిగినవాటిది కాదు, అడగడం మరిచిపోయిన ఆ ఒక్కదానిది. నిద్రలో కూడా ఉలిక్కిపడి లేచి, ఏం అడగలేదు, ఏం అడగలేదు అని తడుముకునేది. ఆవిడ జుట్టు ఆ వానాకాలంలోనే నెరిసిపోయింది.

ఒక సెలవు రోజు పొద్దున్న డాబా మీద ఎండలో కూచోబెట్టి పిల్లకి తల దువ్వుతోంది. అడగాల్సినవన్నీ అడిగేసింది. ఇంకేమీ మిగల్లేదు. అలిసిపోయి, తనలో తను అనుకున్నట్టుగా, “నేను నిన్ను అడగనిది ఇంకేమైనా మిగిలిందా తల్లీ?” అంది.

“మిగిలింది.”

దువ్వెన ఆగిపోయింది. “ఏమిటది?”

“లోపల నేను అడుగుతూనే ఉన్నాను. ఒక్కటీ బయటికి రావడం లేదు.”

తెలిసినదంతా నిండిపోయి లోపల ప్రశ్నే లేదనుకుంది వకుళ ఇన్నాళ్ళూ. పిల్ల అక్కడే, నీళ్ళ అడుగున, కళ్ళు తెరుచుకునే ఉందన్నమాట.

“ఎప్పట్నుంచమ్మా?”

“మొదటి రోజు నుంచి.”

“ఏమని అడుగుతున్నావు?”

“‘అమ్మా, నేనిక్కడున్నానని నీకు తెలుసా?’ అని.”

గ్రహాల పేర్లు చెప్పినట్టే చెప్పింది. వకుళ పిల్ల ముఖాన్ని తనవైపు తిప్పుకుంది. ఆ ముఖంలో ఏడుపు లేదు, బెదురు లేదు. అవి పైకి వచ్చే దారి లేదు. “తెలియదు తల్లీ. ఇప్పుడే తెలిసింది” అని దాన్ని గుండెకి అదుముకుంది. పిల్ల ఏమీ అనలేదు. అది ప్రశ్న కాదు కదా.

వకుళ కళ్ళు తుడుచుకుని, గొంతు సవరించుకుని, భయం భయంగా అడిగింది. “ఇంకా ఏమేం అడుగుతున్నావు? అన్నీ చెప్పు.”

మేదిని చెప్పడం మొదలుపెట్టింది. ఎండ డాబా దాటి పక్కింటి గోడ మీదికి పోయింది. గౌరీపతి డ్యూటీ దిగి మేడ మెట్లెక్కి వచ్చేసరికి పిల్ల ఇంకా చెబుతూనే ఉంది.